ఎండలసీమలో కోడిమాంసం నిలవ



ఆదివారం పొద్దున కర్నూలులో గానీ కడపలో గానీ ఏ వీధి మలుపు తిరిగినా ఒకటే రద్దీ. ఇనుప గూట్లో తెల్ల బ్రాయిలర్లు, పక్కన కాటా, పలక మీద సుద్దముక్కతో రాసిన ధరలు: లైవ్ ఇంత, విత్ స్కిన్ ఇంత, స్కిన్‌లెస్ ఇంత. "అన్నా, కిలోన్నర, కూరముక్కలు కొట్టు" అంటాం. కోడిని మన కళ్లముందే తూకమేసి, కోసి, డ్రమ్ములో వేస్తాడు. కొట్టుకోవడం ఆగాక ఈకలతో సహా తోలు లాగేస్తాడు. మొద్దు మీద పెట్టి టకటకా ముక్కలు కొట్టి, నల్ల కవరులో పోసి, ముడేసి చేతికిస్తాడు. అంతా కలిపి పది నిమిషాల పని. ముందే కోసి, ప్యాక్ చేసి, చల్లటి అద్దాల బీరువాలో పెట్టిన చికెను పక్క వీధిలోనే దొరుకుతున్నా మనలో చాలామంది అటు చూడరు. "ఎప్పుడు కోసిందో ఏమో" అంటారు. హలాల్ చేసిందీ లేనిదీ కళ్లారా చూసుకోవాలనేవాళ్లూ ఉంటారు.

ఈ అనుమానాన్ని పాతకాలపు మొండితనమని కొట్టిపారేసేవాళ్లను చూశాను. నేను ఒప్పుకోను. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే నేల మనది. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఇక్కడివాళ్లు మాంసం నిలవకు కనుక్కున్న ఉపాయం, కొనేవాడు వచ్చేదాకా కోడిని బతికించి ఉంచడమే. ఆరోగ్యంగా ఉన్న కోడి కండ లోపల సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. దాని ఒంట్లోని రక్షణ వాటిని తోలు దగ్గరా పేగుల దగ్గరా ఆపేస్తుంది. కత్తి పడ్డ క్షణాన ఆ కాపలా పోతుంది. అక్కడి నుంచి గంటలు లెక్కబెట్టుకోవాల్సిందే. ఆ గంటలను రోజులుగా మార్చడానికి ప్రపంచమంతటా పరిశోధకులు చేస్తున్న ప్రయత్నం ఒకటుంది. సూక్ష్మజీవులను అణచే ప్యాకింగు, వాళ్ల మాటల్లో యాంటీమైక్రోబియల్ ప్యాకేజింగ్. అది మన సీమ ఎండకు ఎంతవరకు తట్టుకుంటుందో చూద్దాం.

మామూలు కవరు పని, బయటి దుమ్మూ ఈగలూ లోపలికి రాకుండా చూడటం. ఈ కొత్తరకం కవరు ఊరికే ఉండదు. దాని పొరలోనో, అడుగున పరిచే మెత్తలోనో సూక్ష్మజీవులను చంపే పదార్థమో, వాటి పెరుగుదలను ఆపే పదార్థమో ఉంటుంది. మాంసం తడి తగిలినప్పుడు అది కొద్దికొద్దిగా బయటికొస్తుంది. లవంగనూనె, దాల్చిననూనె, వాము లాంటి మొక్కల నూనెలు, వెండి కణాలు, జింక్ ఆక్సైడు, రొయ్యల పెంకు నుంచి తీసే కైటోసాన్, పాలలోని ఒక బాక్టీరియా తయారుచేసే నైసిన్, ఇలా ఎన్నో ప్రయత్నించారు. కొన్నిచోట్ల కవరులోని గాలి తీసేసి బొగ్గుపులుసు వాయువు నింపుతారు. గోలీసోడాలో ఉండేది అదే వాయువు. మాంసం తడిలో కరిగి కాస్త పులుపెక్కి, కుళ్లబెట్టే బాక్టీరియాను వెనక్కి నెడుతుంది.

ఈ విద్యలో మనకంటే కోడే ముందుంది. ఒక్కసారి ఆలోచించండి. కోసిన కోడిమాంసం ఎండాకాలంలో ఒక పూట నిలవదు. అదే కోడి పెట్టిన గుడ్డు గంపలో రోజుల తరబడి చెడకుండా ఉంటుంది. పెంకు మీద కంటికి కనిపించని పలచటి పొర ఉంది, అది సన్నటి రంధ్రాలను మూసి ఉంచుతుంది. ఆ పొర దాటి లోపలికి వచ్చిన బాక్టీరియాకు తెల్లసొన ఎదురవుతుంది. అందులో లైసోజైమ్ అనే ఎంజైము ఉంది, అది బాక్టీరియా గోడను కోసేస్తుంది. ఇంకో ప్రొటీను ఇనుమును పట్టుకుని బాక్టీరియాకు అందనివ్వదు. పెన్సిలిన్ కనుక్కున్న అలెగ్జాండర్ ఫ్లెమింగే, దానికంటే ముందు, 1922లో ఈ లైసోజైమ్ సంగతి లోకానికి చెప్పాడు. అతనికి అది మొదట కనిపించింది తన జలుబు చీమిడిలో. ఇప్పుడు పరిశోధకులు తెల్లసొన నుంచి తీసిన ఆ లైసోజైమ్‌నే ప్లాస్టిక్ పొరలో కలిపి, కోడిమాంసానికి చుట్టి చూస్తున్నారు.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, బాక్టీరియా అన్నీ ఒకటి కావు. కొన్నింటికి ఒకే మందపాటి గోడ. కొన్నింటికి ఆ గోడ పైన ఇంకో కొవ్వుపొర, వాన కోటు తొడుక్కున్నట్టు. లైసోజైమ్ ఆ కోటు దాటి గోడను చేరలేదు. 1928లో గుర్తించిన నైసిన్ సంగతీ అంతే. లిస్టీరియా లాంటి కోటు లేని వాటి మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కోటున్న వాటి మీద ఒంటరిగా పెద్దగా పనిచేయదు. ఖర్మకొద్దీ కోడిమాంసాన్ని కుళ్లబెట్టే సూడోమోనాస్, కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా రెండూ ఆ కోటు జాతివే. అందుకే ఒక్క మందు మీద ఆధారపడకుండా రెండు మూడు కలుపుతారు. కైటోసాన్‌కు ధన విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఆ కొవ్వుపొరకు అతుక్కుని దాన్ని చెదరగొడుతుంది. లవంగంలోని యూజెనాల్ కూడా పొరనే దెబ్బతీస్తుంది. కాకపోతే దాని ఘాటు ముక్కలకు ఎక్కుతుంది. మసాలా కూర వండే మనకు అది పెద్ద అభ్యంతరం కాకపోవచ్చు. ఉప్పూ మిరియాలతో సరిపెట్టుకునే దేశాలవాళ్లకు మాత్రం అది పెద్ద సమస్యే. కైటోసాన్‌కు ముడిసరుకు రొయ్యల పెంకు. నెల్లూరు, భీమవరం వైపు రొయ్యలు ఒలిచేచోట అది కుప్పలు పడి ఉంటుంది. కొనదలిస్తే దూరం పోనక్కరలేదు.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. కాగితం అక్కరలేదు, వింటే చాలు.

కోసిన మాంసం మీద ఒక చదరపు సెంటీమీటరుకు 1,000 బాక్టీరియా ఉన్నాయనుకోండి. ఆ సంఖ్య కోటి దగ్గరికి వచ్చేసరికి వాసన మొదలవుతుంది. పది కోట్లయితే వేలికి జిగురు సాగుతుంది. వెయ్యి కోటి కావాలంటే 13, 14 సార్లు రెట్టింపు కావాలి. 38 డిగ్రీల వేడిలో 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయనుకుంటే, నాలుగున్నర గంటల్లో పని పూర్తి. అదే మాంసాన్ని 4 డిగ్రీల చలిలో పెట్టి, అక్కడ 8 గంటలకొకసారి రెట్టింపవుతాయనుకుంటే, నాలుగున్నర రోజులు.

ఇప్పుడు మంచి ఫిల్ము తెచ్చి చుట్టాం, అది బాక్టీరియాలో పదింట తొమ్మిదింటిని చంపిందనుకుందాం. వెయ్యికి వంద మిగిలాయి. ఆ వంద మళ్లీ వెయ్యి కావడానికి మూడు చిల్లర రెట్టింపులు చాలు. అంటే ఎండలో మనకు కలిసొచ్చింది గంటా ఐదు నిమిషాలు. చలిలో అయితే ఒక రోజు దాటి. ఫిల్ము అదే, మందు అదే, పెట్టిన ఖర్చు అదే. చలి లేనిచోట గంటకు అమ్ముడుపోయింది, చలి ఉన్నచోట రోజుకు అమ్ముడుపోయింది. ఈ ప్యాకింగు గురించి పత్రికల్లో "నిలవకాలం రెట్టింపు" అని చదివినప్పుడు, ఆ ప్రయోగం ఏ ఉష్ణోగ్రతలో జరిగిందో ముందు చూడండి. దాదాపు ఎప్పుడూ ఫ్రిజ్ చలిలోనే జరిగి ఉంటుంది.

ఇంకో కోణంలో అదే లెక్క. మొద్దు సరిగా కడగలేదు, కత్తి నిన్నటిది, పేగు తెగి మాంసానికి అంటింది. వెయ్యితో మొదలవ్వాల్సింది లక్షతో మొదలైంది. ఎండలో రెండు గంటల పైచిలుకులోనే వాసన. వెయ్యికీ లక్షకూ తేడా వంద రెట్లు. మన ఫిల్ము తగ్గించేది పది రెట్లు. మొద్దు పగుళ్లలో ఇరుక్కున్న కొవ్వూ నెత్తురూ రోజూ గీకి, మరిగే నీళ్లు పోసి, ఉప్పు రుద్ది ఎండలో ఆరబెట్టేవాడు రెండు ఫిల్ముల పని ఒక బకెట్టు నీళ్లతో చేస్తున్నాడన్నమాట. ఎండ మనకు శత్రువే కావచ్చు, మొద్దు ఆరబెట్టేటప్పుడు మాత్రం మన పక్షమే.

యూరపు దేశాలు 1997 నుంచి క్లోరిన్ నీళ్లలో కడిగిన అమెరికా కోళ్లను రానివ్వడం లేదు. కారణం క్లోరిన్ విషమని మాత్రమే అనుకుంటారు చాలామంది. అసలు వాదన వేరు. చివర్లో ఎలాగూ కడిగేస్తాం కదా అన్న ధీమాతో కోళ్లఫారంలో, కోసేచోట శుభ్రం మీద శ్రద్ధ తగ్గుతుందని వాళ్ల భయం. మందు కవరుకూ ఇదే ప్రశ్న వేయాలి. కవరు చూసుకుంటుందిలే అని మొద్దు కడగడం మానేస్తే, ఖర్చు పెరిగి మాంసం ముందుకంటే అధ్వాన్నమవుతుంది.

ఇక మన కూరముక్కల సంగతి. ఈ పరిశోధనలు ఎక్కువగా ఎముక లేని ఛాతీ ముక్క మీద జరుగుతాయి. పలకలాగా ఉంటుంది, పైనా కిందా ఫిల్ము అంటించవచ్చు. మన దుకాణంలో కిలో కోడిని ముప్పై నలభై ముక్కలు కొడతారు. ఎముకలు పగిలి మూలుగ బయటపడుతుంది, ప్రతి కోత ఒక కొత్త ఉపరితలం, ప్రతి ఉపరితలమూ బాక్టీరియాకు పొలమే. ఆ కుప్పనంతా కవరులో పోస్తే ఫిల్ము తగిలేది అంచుల్లో ఉన్న ముక్కలకే. నడిమధ్య ఉన్నవాటికి ఆ మందు అందనే అందదు. పైగా ఛాతీ కంటే తొడ ముందు చెడుతుంది, ఎందుకంటే తొడ కండలో పులుపు తక్కువ. పిల్లలు కొట్లాడుకునే లెగ్ పీసుకు ఆయుష్షు తక్కువన్నమాట.

కూరముక్కలకు ఫిల్ము కన్నా ప్రతి ముక్కకూ తగిలేది ఏదైనా కావాలి. అది మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. ఇంటికి రాగానే కడిగి ఉప్పూ పసుపూ పెరుగూ నిమ్మరసమూ పట్టించి పెడతారు చూడండి, అది రుచికే అనుకుంటాం. ఆ పులుపు, ఆ ఉప్పు బాక్టీరియాకు గిట్టవు. నాటుకోడిని పెరికి, మంట మీద కాల్చి, పసుపు రుద్ది కడిగే పద్ధతి ఇంకా గట్టిది. బాక్టీరియా ఎక్కువగా ఉండేది తోలు మీదే, మంట తగిలేదీ అక్కడే. వేటమాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరేసే ఉప్పుకండ అయితే ఏ ప్రయోగశాలకూ తీసిపోదు. గాలిలో తడి లేని మన పొడి ఎండ నీటిని లాగేస్తుంది, నీరు లేకపోతే బాక్టీరియా పెరగదు. అదే ఎండలో నల్ల కవరుకు ముడేసి పెడితే, పొడి సీమలోనూ లోపల తడి గది తయారవుతుంది. ఊరంతా పొడిగా ఉన్నా ఆ కవరులో మాత్రం వర్షాకాలమే.

ఆ కవరు ప్రయాణం కూడా చూడండి. దుకాణంలో ముడి పడ్డాక అది బండి హ్యాండిలుకు వేలాడుతుంది. అక్కడినుంచి కూరగాయలకు, అక్కడినుంచి అల్లం వెల్లుల్లికి, మధ్యలో ఎవరో తెలిసినవాళ్లు కలిస్తే టీకి. ఇల్లు చేరేసరికి ఒకటిన్నర గంట. ఫిల్ము కష్టపడి సంపాదించి పెట్టిన గంటా ఐదు నిమిషాలు అక్కడే ఖర్చయిపోయాయి. చికెన్ కొట్టుకు చివర్లో పోవడం ఏ మందు కవరు కన్నా ఎక్కువ పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు. అన్నట్టు, ఆ నల్ల కవరు గురించి కూడా ఒక మాట. ఆహారభద్రత సంస్థ 2018లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు తినే వస్తువులను పాత పేపర్లలో చుట్టడాన్నీ, రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ సంచుల్లో పోయడాన్నీ కూడదన్నాయి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీబ్యాగులు అసలే వాడకూడదు. మన చేతికొచ్చే కవరు ఏ కోవకు చెందుతుందో మీకే తెలుసు. ఇంటినుంచి మూతగిన్నె తీసుకుపోతే కొట్టువాడు నవ్వడు, కవరు మిగిలిందని సంతోషిస్తాడు.

మరి ఈ మందు ప్యాకింగు మనకు దండగేనా? కాదు. ఆదివారం కూరముక్కలకు దీని అవసరం లేదు. సీమ పల్లెల్లో పెంచే నాటుకోళ్లకు, వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటికోళ్లకు దీని అవసరం ఉంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన రకాలవి. హైదరాబాదుకూ బెంగళూరుకూ మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది కర్నూలు. రెండు నగరాల్లోనూ నాటుకోడికి గిరాకీ ఉంది. ఇప్పుడు కోళ్లను బతికుండగానే గంపల్లో, బుట్టల్లో కుక్కి పంపుతున్నారు. దారిలో ఎండకు కొన్ని చస్తాయి, మిగిలినవి తూకం తగ్గుతాయి. అలా కాక, ఊళ్లోనే శుభ్రంగా కోసి, నెత్తురు పూర్తిగా కారనిచ్చి, మంచునీళ్లలో చల్లార్చి, ముక్కలు కొట్టకుండా కోడికి కోడి ప్యాక్ చేసి, అడుగున తడి పీల్చే మెత్త పరిచి, మంచు పెట్టెల్లో రాత్రికి రాత్రి పంపవచ్చు. ముక్కలు చేయని కోడికి ఫిల్ము చక్కగా అంటుకుంటుంది. చలి ఉంది కాబట్టి ఫిల్ముకు పూర్తి ఫలం దక్కుతుంది. సోమవారం అమ్ముడు పోనిది మంగళవారం దాకా ఆగగలిగితే, పల్లెలో పెంచిన ఆడమనిషి దళారి చెప్పిన ధరకు తలవంచాల్సిన పని తగ్గుతుంది. బెంగళూరులో 2015లో మొదలైన లీషియస్ లాంటి కంపెనీలు ఫోనులో మాంసం అమ్మి నిలబడ్డాయంటే దాని వెనక మొదట ఉన్నది చలి, తర్వాతే కవరు.

ఒక అపోహ తీసేయాలి. ఈ కవర్లలో వాడేవి యాంటీబయాటిక్ మందులు కావు, కాకూడదు కూడా. కోళ్లమేతలో కలుపుతూ వచ్చిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. మనుషుల ప్రాణాలమీదికి వచ్చినప్పుడు చివరి అస్త్రంగా వాడే మందును కోడి బరువు కోసం వాడుతూ పోతే, రేపు ఆసుపత్రిలో అది పనిచేయదు. ఒకచోట మూసిన ఆ తలుపును కవరు పేరుతో ఇంకోచోట తెరవకూడదు. వెండి కణాల విషయంలో కూడా నాకు తొందర లేదు. లవంగం, పసుపు, పులుపు చేతిలో ఉండగా లోహపు పొడిని మాంసానికి ఆనించాల్సిన అవసరం ఏమిటో ఎవరైనా చెప్పాలి.

నన్ను అసలు ఆలోచనలో పడేసేది మన ముక్కు. మాంసం చెడిందో లేదో మన ఇళ్లలో వాసన చూసి చెబుతారు. ఆ వాసన తెచ్చేది సూడోమోనాస్ లాంటి కుళ్లుబాక్టీరియా. జబ్బు తెచ్చే సాల్మొనెల్లా పెరిగినా మాంసానికి వాసన మారకపోవచ్చు, రంగు మారకపోవచ్చు. ఇప్పుడు ఒక కవరు కుళ్లుబాక్టీరియాను మాత్రం అణచి, రెండోదాన్ని వదిలేసిందనుకోండి. మాంసం కమ్మగానే ఉన్నట్టుంటుంది. ముక్కు మోసపోతుంది. యూరపు చట్టం ఈ సంగతి ముందే పట్టింది. చెడిన సంగతిని దాచిపెట్టి కొనేవాణ్ని తప్పుదోవ పట్టించేలా ఇలాంటి ప్యాకింగు ఉండకూడదని 2004 నాటి నిబంధనలోనే రాసుకుంది. ముక్కు చేసే పని ఇంకొకటేదైనా చేయాలి. దీనికి పరిశోధకులు పట్టుకున్న వస్తువు పసుపు.

కడప జిల్లావాళ్లకు పసుపు గురించి నేను చెప్పడం హాస్యాస్పదం. మైదుకూరు, టేకూరుపేట అనేవి ఊళ్ల పేర్లే కాదు, పసుపు రకాల పేర్లు కూడా. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం పెళ్లి పారాణిలో చూస్తాం, దిష్టి తీసే ఎర్రనీళ్లలో చూస్తాం. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది. మాంసం కుళ్లేటప్పుడు వెలువడే అమ్మోనియా, అమైన్ల వాయువులు క్షార గుణం గలవే. కాబట్టి కుర్కుమిన్ పట్టించిన చిన్న పలచటి ముద్రను కవరు లోపల అంటిస్తే, మాంసం బాగున్నంతసేపు పచ్చగా ఉండి, చెడటం మొదలయ్యాక ఎర్రబారుతుంది. చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పగలరు. ప్రయోగశాలల్లో చేపల మీదా కోడిమాంసం మీదా ఇది పనిచేసింది. ఇది కూడా కుళ్లునే పట్టిస్తుంది, సాల్మొనెల్లాను కాదు. ఆ పని మాత్రం పొయ్యిదే, ముక్క లోపలిదాకా బాగా ఉడకాల్సిందే.

ఈ ముద్రను మన దగ్గర చేసి చూడటానికి ఏం అడ్డం? ప్రొద్దుటూరు దగ్గర గోపవరంలో 2008 నుంచి పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాదు శివార్లలో చెంగిచర్లలో మాంసం మీదే పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. పసుపు కళాశాల పక్క ఊళ్లలోనే పండుతుంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. కుర్కుమిన్ వెలుతురుకు ఓర్వదు. పసుపు బట్ట నాలుగు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. మాంసం చెడకముందే ముద్ర వెలిసిపోతే అది ఎర్రబారేదెక్కడ? దాన్ని ఎత్తి చూసే చిన్న రేకు కింద దాచాలో, వెలుతురు చొరనివ్వని పొర వేయాలో కనుక్కోవాలి. గోపవరం విద్యార్థులెవరైనా ఈ మాటలు వింటూ ఉంటే ఒక మనవి. ఆ ప్రయోగం మే నెలలో పెట్టుకోండి. డిసెంబరులో పెట్టుకుంటే ఏ కవరైనా పనిచేసినట్టే కనిపిస్తుంది.